బాలశౌరి గారి పడమటి తెలుగు

మా ఇంటి ఓనరు బాలశౌరి గారు ఇటాలియన్ మాట్లాడతారు. వచ్చా అని అడక్కండి. భాష వచ్చినవాళ్ళు అవసరమైనప్పుడు మాట్లాడతారు. ఈయన అవసరం లేనప్పుడు, ముఖ్యంగా ఎదుటివాడు తొందరలో ఉన్నప్పుడు మాట్లాడతారు. విజయవాడ పటమటలో పాలు పోసే మనిషి దగ్గర్నుంచి చర్చిలో ఫాదర్ గారి వరకు ఆయన పలకరింపు బారిన పడనివారు లేరు. మా వీధిలో ఒక కుక్కుంది. తెలుగులో పొమ్మంటే తోకూపుతుంది. "వాయి వియా!" అంటే లేచి వెళ్ళిపోతుంది. ఆయన ఇప్పటిదాకా పూర్తిగా తయారుచేసిన శిష్యుడు అదొక్కటే.

ఆ ఇంట్లో పై వాటాలో నేను అద్దెకుంటాను. నా పేరు మనోజ్ఞ. బెంజ్ సర్కిల్ దగ్గర ఒక ఇన్సూరెన్స్ ఆఫీసులో క్లెయిములు చూస్తాను. కారు ఆగి ఉండగా గోడే వచ్చి గుద్దిందని చెప్పేవాళ్ళ మధ్య నా రోజు గడుస్తుంది. అంచేత మనుషుల్ని తేలిగ్గా నమ్మను. బాలశౌరి గారి ఇటాలియన్‌ని అసలు నమ్మలేదు.

ఆయన హైస్కూల్లో డ్రిల్లు మాస్టారుగా చేసి రిటైరయ్యారు. రిటైరైంది ఉద్యోగం నుంచే. గొంతు ఇంకా సర్వీసులోనే ఉంది. "మనోజ్ఞా, మోటారు ఆపమ్మా" అని కిందనుంచి కేకేస్తే ఆ వరసలో అందరూ మోటార్లు ఆపేస్తారు. ఆయన గుసగుసలాడితే బందరు కాలవ అవతలివాళ్ళు "ఏంటండీ?" అంటారు. మీసం కూడా గొంతుకి తగినదే. ఆ మీసం వెనకనుంచి ఇటాలియన్ వస్తుంటే పోలీసు జీపులోంచి సన్నాయి వినబడ్డట్టు ఉంటుంది.

ఇదంతా జెస్సికా ఇటలీ వెళ్ళాక మొదలైంది. జెస్సికా ఆయన భార్య తెరేసమ్మ గారి చెల్లెలు మార్త కూతురు. నర్సింగ్ చదివింది. వెళ్ళేముందు కష్టపడి ఇటాలియన్ కోర్సు చేసింది. "మా అమ్మాయికి ఇటలీలో పెద్ద హాస్పిటల్లో ఉద్యోగం" అని మార్త గుణదల తిరునాళ్ళలో కొబ్బరికాయలు అమ్మేవాళ్ళకి కూడా చెప్పింది. ఉద్యోగం పిల్లది, నేర్చుకోవాల్సింది పిల్ల. మరి ఈయనకేం పట్టింది? జలుబు ఒకరినుంచి ఒకరికి అంటుకోవడం చూశాంగానీ, భాష అంటుకోవడం ఎక్కడా వినలేదు.

ఉండబట్టలేక ఒకరోజు అడిగేశాను.

"మన తెలుగుని ఇటాలియన్ ఆఫ్ ది ఈస్ట్ అన్నారా, లేదా?" అన్నారు.

"అన్నారంకుల్."

"నువ్వు అచ్చం ఫలానావాడిలా ఉంటావయ్యా అని నిన్ను తరతరాలుగా అంటుంటే, ఆ ఫలానావాడి మొహమెలా ఉందో ఓసారి చూద్దామని ఉండదా మనిషన్నాక?"

"చూశారుగా. ఇంక వదిలేయొచ్చుగా?"

"మనది తూర్పు ఇటాలియన్ అయితే, వాళ్ళది పడమటి తెలుగు. సొంత భాషని వదిలేస్తామా?"

తెరేసమ్మ గారు వంటింట్లోంచి అందుకున్నారు. "తూర్పు తెలుగులో ఉప్పు తెమ్మని పొద్దున చెప్పా. అదింకా అర్థం కాలా ఈయనకి."

నేర్చుకునే పద్ధతి కూడా డ్రిల్లే. పొద్దున్నే బందరు కాలవ గట్టు మీద నడక. మామూలు మనుషులు నడుస్తూ షుగర్ గురించి మాట్లాడుకుంటారు. బాలశౌరి గారు క్రియాపదాల్ని కవాతు చేయిస్తారు. ఎడమ కాలికొకటి, కుడి కాలికొకటి.

"ఇయో వాదో! తూ వాయి! లుయి వా!"

నేను వెళ్తాను, నువ్వు వెళ్తావు, అతను వెళ్తాడు అని దానర్థం. ఈ సంగతి తెలియక, ముందు నడుస్తున్న ఎరువుల కొట్టు జయపాల్ గారు ఓ రోజు గిరుక్కున తిరిగారు.

"ఏంటి మాస్టారూ, పొద్దుటే ఎవర్నండీ తూ అంటున్నారు?"

"మిమ్మల్నే. తూ అంటే నువ్వు అని."

"నువ్వా? నన్ను నువ్వంటారా?"

"పొరపాటే. మర్యాదగా అయితే లేయి అనాలి."

"లేయి ఏంటండీ, నిలబడున్నవాణ్ణి పట్టుకుని!"

ఆ రోజునుంచి జయపాల్ గారు ఆయన వెనకే నడుస్తున్నారు, ముందు కాదు. అయినా వాళ్ళు వెళ్తారని "లోరో వాన్నో!" అనగానే బాలశౌరి గారు ఎబౌట్ టర్న్ తీసుకుంటారు కనక, ఎలాగూ ఎదురుపడక తప్పదు. కొన్నాళ్ళకి గట్టు మీద సగంమంది అర్థం తెలియకుండానే "వాన్నో" దగ్గర వెనక్కి తిరగడం మొదలుపెట్టారు. ఒకాయనకి షుగర్ తగ్గింది. దాన్ని కూడా ఈయన తన ఖాతాలోనే వేసుకున్నారు.

అన్నిటికన్నా ఆయనకిష్టమైన క్రియ "ఫారే". చేయడం అని అర్థం. "ఇదొక్కటొస్తే సగం ఇటలీ వచ్చేసినట్టేనమ్మా" అనేవారు. "మనకి కొట్టు లేదూ? ఫోన్ కొడతాం, హారన్ కొడతాం, డబ్బా కొడతాం. బోరు కొడుతుంది, కంపు కొడుతుంది. కొట్టు తీసేస్తే తెలుగువాడి నోరు పడిపోతుంది. వాళ్ళకి ఫారే అలాంటిది. టిఫిన్ చేస్తారు, షాపింగ్ చేస్తారు, చివరికి ఎండ కూడా చేస్తారు. ఫా కాల్దో అంటే వేడి చేస్తోంది, అంటే ఎండగా ఉందని."

"ఎవరంకుల్ ఆ చేసేది?"

"విజయవాడలో ఉంటూ అడగాల్సిన ప్రశ్నేనా అది?"

క్రియలతో ఆగి ఉంటే సర్దుకుపోయేవాళ్ళం. జాతీయాల మీద పడ్డారు. పడ్డవారు అవి ఇటాలియన్‌లో అని ఊరుకోవచ్చు కదా, మాకర్థం కాక బతికిపోయేవాళ్ళం. అలాకాదు, మాటకి మాట తెలుగు చేసి మరీ ప్రయోగించేవారు. ఏదైనా బాగా ఖరీదైతే ఇటలీలో తలకాయలో కన్నంత ఖరీదు అంటారట. రైతుబజార్లో బెండకాయల ధర విని, "ఏమ్మా, తలకాయలో కన్నంత చెప్తున్నావే!" అన్నారు. ఆవిడ తల కూడా ఎత్తకుండా, "తలకాయ కావాలంటే పక్క సందులోకెళ్ళు బాబాయ్, ఇక్కడ కూరగాయలే" అంది.

పొరబడటాన్ని వాళ్ళు పీతని పట్టడం అంటారట. కరెంటు మీటరు చూడటానికొచ్చిన కుర్రాడు పై వాటా బిల్లు కింది వాటాకి కొట్టాడు. "బాబూ, నువ్వు పీతని పట్టావ్" అన్నారు ఈయన, ఎంతో దయగా. ఆ అబ్బాయి మొహం వెలిగిపోయింది. "నేను కాదండీ, మా బావ పడతాడు, నాగాయలంకలో. ఎన్ని కేజీలు పంపమంటారు?" మర్నాడు బుట్టెడు పీతలు గుమ్మంలో దిగాయి. తెరేసమ్మ గారు వాటిని వండినంతసేపూ తిట్టారు. తిన్నంతసేపూ మాత్రం ఏమీ అనలేదు.

జయపాల్ గారి అమ్మాయి ఏంజెల్ పెళ్ళిలో అయితే పెళ్ళికొడుకు తండ్రి చెయ్యి పట్టుకుని, "నాకు గంట కనిపించట్లేదండీ" అన్నారు. ఎప్పుడెప్పుడా అని ఉంది అనడానికి ఇటలీవాళ్ళు అలా అంటారట. ఆ పెద్దాయన కంటి డాక్టరు. ఈయన్ని పక్కకి తీసుకెళ్ళి, వేళ్ళు చూపించి ఎన్నని అడిగి, సోమవారం తన ఆసుపత్రికి రమ్మన్నాడు. ఈయన మొహమాటపడి వెళ్ళారు. చుక్కలు వేసి కూర్చోబెట్టారు. ఆ రోజంతా నిజంగానే గంట కనిపించలేదు.

ఇవన్నీ నాకు నవ్వులాటగానే ఉండేవి, నా దాకా రానంతవరకు. ప్రమోషన్ ఇంటర్వ్యూకి తయారై మెట్లు దిగుతుంటే ఆయన గేటు దగ్గర అటెన్షన్‌లో నిలబడి ఉన్నారు.

"మనోజ్ఞా! తోడేలు నోట్లో పడమ్మా!"

"ఏంటంకుల్?"

"ఆల్ ది బెస్ట్ అనడానికి వాళ్ళు అలాగే అంటారు. ఇన్ బొక్కా అల్ లూపో. దానికి నువ్వు 'చావనీ' అనాలి."

"ఎవర్ని?"

"తోడేల్ని! అనమ్మా, అనకపోతే కలిసిరాదు."

అనలేదు. ఇంటర్వ్యూ గదిలోకి అడుగుపెట్టాను. మధ్య కుర్చీలో కూర్చున్న పెద్దాఫీసరుకి పొడుగాటి మొహం, పక్కపళ్ళు బయటికి. ఆయన ఆప్యాయంగా నవ్వి "కమ్ ఇన్" అన్నాడు. అంతే. నాకు తెరలు తెరలుగా నవ్వొచ్చింది. ప్రీమియం గురించి అడిగితే నవ్వు, పెండింగ్ కేసుల గురించి అడిగితే నవ్వు. ప్రమోషన్ పక్క సీటు సుస్మితకొచ్చింది. బాలశౌరి గారితో నేను చాలా రోజులు ముక్తసరిగానే మాట్లాడాను. "నువ్వు చావనీ అనలేదు కదా, మరెలా వస్తుంది?" అని నామీదే విసుక్కున్నారు.

ఆ సుస్మితే ఒకరోజు ఆఫీసులో చెప్పింది, కూచిపూడిలో ఎవరో ఇటాలియన్ అమ్మాయి డాన్స్ నేర్చుకుంటోందని. నాలోని కక్ష లేచి కూర్చుంది. ఈయన ఇటాలియన్‌ని అసలు ఇటాలియన్ ముందు నిలబెడితే ఏమవుతుందో చూడాలనిపించింది. ఆదివారం కారు తీశాను. బాలశౌరి గారు ఇస్త్రీ చొక్కా వేసుకుని, దారి పొడుగునా కంకిపాడు నుంచి పామర్రు దాకా క్రియలు వల్లించుకుంటూనే ఉన్నారు. పరీక్ష హాలుకి తీసుకెళ్తున్నట్టే ఉంది నాకు.

ఆ అమ్మాయి పేరు లూచియా. ప్రాక్టీసు ముగించి గజ్జెలు విప్పుకుంటూ అరుగు మీద కూర్చుని ఉంది. బాలశౌరి గారు ఎదురుగా వెళ్ళి నిలబడి, చేతులు జోడించి, "చెరేయా!" అన్నారు.

ఆ పిల్ల చేతిలో గజ్జెలు జారిపోయాయి. ఆ తర్వాత జరిగింది నేను ఊహించలేదు. ఈయన మాట్లాడారు. ఆ పిల్ల మాట్లాడింది. ఈయన చేతులు తిప్పారు. ఆ పిల్ల నవ్వింది. ఈయన మళ్ళీ ఏదో అన్నారు. ఆ పిల్ల కడుపు పట్టుకుని నవ్వింది. నవ్విందేగానీ ఒక్కసారి కూడా "ఏంటీ?" అనలేదు. అన్నీ అర్థమవుతున్నాయి! నా ఆదివారం వృథా అయింది.

వచ్చేముందు నన్ను పక్కకి పిలిచి ఇంగ్లీషులో చెప్పింది. "మీ అంకుల్ చాలా బాగా మాట్లాడతారు. కానీ ఆడవాళ్ళలా మాట్లాడతారు. మా భాషలో మగవాళ్ళు అలిసిపోతే ఒక మాట, ఆడవాళ్ళు అలిసిపోతే ఒక మాట. ఆయన అన్నీ ఆడవాళ్ళవే వాడుతున్నారు. అదొకటే కాదు. చెరేయా అని ఇప్పుడెవరూ అనరు. అది మా వైపు పల్లెటూళ్ళలో బాగా ముసలివాళ్ళ మాట. మా ముత్తమ్మమ్మ లేచొచ్చిందనుకున్నాను."

పోయిందనుకున్న ఆదివారం తిరిగొచ్చింది. కారెక్కగానే మొదలుపెట్టాను.

"అంకుల్, మీరు ఇన్నాళ్ళూ ఇటాలియన్‌లో ఆడమనిషంట."

"అంటే?"

"అలిసిపోయినదాన్ని, ఆకలేసినదాన్ని, మిమ్మల్ని కలిసి సంతోషపడ్డదాన్ని అంటున్నారంట. అదీ తొంభై ఏళ్ళ ముసలమ్మలా. మీసాలతో సహా."

ఉయ్యూరు దగ్గర ఉన్నట్టుండి, "ఆవిడ ఒక్కసారీ చెప్పలేదే!" అనేశారు.

"ఏ ఆవిడ?"

బాలశౌరి గారు కిటికీ వైపు తిరిగారు. "ఏం లేదమ్మా. ఫా కాల్దో" అన్నారు. కారులో ఏసీ గజగజలాడిస్తోంది.

క్లెయిములు చూసేదాన్ని. ఇలాంటి చోట ఊరుకోలేను. ఫోన్లో యాప్ పెట్టుకుని నేర్చుకున్న మగవాడు మగవాడిలాగే నేర్చుకుంటాడు. ఈయనకి ఎవరో ఆడమనిషి నేర్పుతోంది. ఎవరు? ఎప్పుడు?

ఈ రెండో ప్రశ్నకి జవాబు జయపాల్ గారి దగ్గర ఉంది. ఆయన డాబా మా డాబా పక్కనే. బాలశౌరి గారు రోజూ సాయంత్రం ఐదున్నరకి తల దువ్వుకుని, పౌడర్ రాసుకుని, ఫోను తీసుకుని డాబా ఎక్కి నీళ్ళ ట్యాంకు వెనక కూర్చుంటున్నారట. అక్కడ ఆడగొంతు వినిపిస్తోందట. ఈయన ఆ గొంతుతో నవ్వుతూ మాట్లాడుతున్నారట. మధ్యమధ్యలో "అదేలే, అదేలే" అంటున్నారట. ఇదంతా ఆయన నాకొక్కదానికే చెప్పినట్టు చెప్పారు. అప్పటికే వీధిలో ఇస్త్రీ బండి దగ్గర కూడా ఇదే కబురు నడుస్తోంది. కూతురు పెళ్ళికి వియ్యంకుడి ముందు పోయిన పరువుని ఇలా వసూలు చేసుకుంటున్నారేమో అనిపించింది.

వీధిలో తిరిగిన కబురు తెరేసమ్మ గారిని చేరడానికి ఎంతసేపు? ఒక సాయంత్రం ఆవిడ కొంగు బిగించి నా తలుపు కొట్టారు. మొహం ఎర్రగా ఉంది.

"మనోజ్ఞా, నాతో ఓసారి డాబా మీదికి రామ్మా. నీకు ఇంగ్లీషొచ్చు."

"ఇంగ్లీషెందుకాంటీ?"

"అది ఏ భాషలో ఏడుస్తుందో ఏంటో. ఎవరో ఒకరు చదువుకున్నవాళ్ళు పక్కనుండాలిగా."

"ఆంటీ, ఏమీ ఉండదు. ఆయన సంగతి మీకు తెలీదా?"

"తెలుసనే అనుకున్నానమ్మా ఇన్నాళ్ళూ" అన్నారావిడ. ఆ మాటతో నాకు అప్పటిదాకా ఉన్న హుషారంతా దిగిపోయింది. ఆవిడ నవ్వులాటకి రాలేదు.

చెప్పులు కిందే వదిలి మెట్లెక్కాం. ట్యాంకు ఇవతల నిలబడితే ఆయన గొంతు వినిపించింది. ఆ గొంతు విని తెరేసమ్మ గారు గోడ పట్టుకున్నారు. మాటలు కాదు ఆవిణ్ణి కొట్టింది, ఆ మెత్తదనం. కాలవ అవతలికి గుసగుస వినిపించే మనిషి, పక్కవాడికి తప్ప వినపడనంత నెమ్మదిగా మాట్లాడుతున్నారు.

"చూశావా" అన్నారావిడ నా చెవిలో. "ఇన్నేళ్ళ కాపురంలో నాతో ఒక్కసారన్నా ఈ గొంతుతో మాట్లాడారేమో అడుగు."

ఇంక ఆగలేదు. విసురుగా ట్యాంకు చుట్టూ తిరిగి ఆయన ముందుకెళ్ళి నిలబడ్డారు. వెనకాలే నేను. బాలశౌరి గారు ప్లాస్టిక్ కుర్చీలోంచి ఎగిరిపడ్డారు. కానీ అరవలేదు. పెదాల మీద వేలు పెట్టుకుని, రెండో చేత్తో ఫోను చూపించారు.

పూలకుండీకి ఆనించిన ఫోన్లో ఒక ముసలావిడ. నెత్తిన తెల్లటి జుట్టు పిడికెడు, నోట్లో పన్ను లేదు, ఒళ్ళో చిక్కుడుకాయల గిన్నె. కాయలు వలుస్తూ కళ్ళద్దాల్లోంచి మావైపు గుచ్చి చూస్తోంది. ఆవిడ వెనక సోఫాలో కాళ్ళు ముడుచుకుని, నోరు తెరుచుకుని, లోకం తెలీకుండా నిద్రపోతోంది జెస్సికా.

"ఎవరిదీ?" అన్నారు తెరేసమ్మ గారు.

"ష్! పిల్ల లేస్తుంది" అన్నారు ఈయన.

"ఆ ముసలావిడ ఎవరు? పేరేంటి?"

"అదేలే."

"అదేలే ఏంటి? పేరడిగితే అదేలే అంటారేంటి? నాకు చెప్పకూడదా?"

"అయ్యో, ఆవిడ పేరే అదేలే! నీ గొంతు తగ్గించు తెరేసూ, నీకు దణ్ణం పెడతా."

బాలశౌరి గారు ఇంకొకరిని గొంతు తగ్గించమనడం వినే భాగ్యం నాకు ఆ రోజు కలిగింది.

గుసగుసల్లోనే సంగతంతా బయటికొచ్చింది. జెస్సికా పని చేస్తున్నది హాస్పిటల్లో కాదు. హాస్పిటల్లో చేరాలంటే అక్కడింకో పరీక్ష పాసవ్వాలి. అప్పటిదాకా ఈ అదేలే గారి ఇంట్లో ఉండి ఆవిణ్ణి చూసుకోవాలి. ఆవిడకి రాత్రుళ్ళు నిద్రపట్టదు. పిల్లని లేపుతూనే ఉంటుంది. పగలు పిల్లకి కళ్ళు మూతలు పడతాయి. ముసలావిడకి మాత్రం పగలంతా ఎవరో ఒకరు ఎదురుగా కూర్చుని మాట్లాడాలి. అంతకుముందొచ్చిన అమ్మాయిలందర్నీ "ఇది మాట్లాడదు, నిద్రపోతుంది" అని కొడుక్కి చెప్పి పంపించేసింది. జెస్సికా వంతు కూడా వచ్చేట్టుంది. ఒకరోజు పిల్ల పెదనాన్నకి ఫోన్ చేసి ఏడుస్తుంటే, ముసలావిడ ఎవరూ అని ఫోను లాక్కుంది. తెరమీద మీసం చూసి పకపకా నవ్వింది.

"నాకప్పటికి హలోకి చావ్, థ్యాంక్స్‌కి గ్రాత్సియే తప్ప ఏవీ రావు" అన్నారు బాలశౌరి గారు. "ఆ రెండూ అన్నాను. ఇంకా చెప్పమంది. ఏం చెప్పను? డ్రిల్లు చేసి చూపించాను. ఆవిడ నవ్వుతుంటే వెనకాల పిల్ల కూర్చున్నచోటే నిద్రపోయింది. అప్పుడర్థమైంది నాకు, రోజూ నేను కాసేపు మాట్లాడగలిగితే దానికి కాస్త కునుకు దొరుకుతుందని. మాట్లాడాలంటే రావాలిగా? క్రియలు మొదలుపెట్టా."

"జాతీయాలెందుకంకుల్?" అన్నాను. నా తోడేలు బాధ నాది.

"క్రియలతో పది నిమిషాలకన్నా లాగలేవమ్మా. పిల్లకి నిద్ర పట్టేలోపే అయిపోతాయి. జాతీయం ఒకటి పొద్దున నలుగురి మీద వాడి చూసుకుంటే సాయంత్రానికి నోరు తిరుగుతుంది."

అంటే మేమంతా రిహార్సల్ సరుకన్నమాట. ఒక పిల్ల గంటసేపు నిద్రపోవడం కోసం పటమట మొత్తం తోడేళ్ళ నోట్లో పడింది.

"రోజూ గంటసేపు ఏం మాట్లాడుకుంటారండీ?" అన్నారు తెరేసమ్మ గారు. కోపం ఎటు పోవాలో తెలీక ఇంకా అక్కడే తిరుగుతోంది.

"జలగల గురించి."

"జలగలా?"

"వాళ్ళూరు చుట్టూ వరిపొలాలేనంట. ఈవిడ వయసులో ఉన్నప్పుడు మోకాలి లోతు నీళ్ళలో వంగి కలుపు తీసేదంట. మా అమ్మ చల్లపల్లి దగ్గర నాట్లేసేది కదా, కాళ్ళకి జలగలు పట్టేవని చెప్పా. అప్పట్నుంచీ ఈవిడ జలగలు, మా అమ్మ జలగలు. ఎవరివి పెద్దవో ఇంకా తేలలేదు."

వీధంతా కోడై కూసిన ప్రేమకథ ఇదీ. జయపాల్ గారి డాబా వైపు చూశాను. గోడమీదనుంచి ఒక బట్టతల చటుక్కున కిందికి దిగింది.

"నాకెందుకు చెప్పలేదూ?" అన్నారు తెరేసమ్మ గారు. ఈసారి కోపం కాదు, చిన్నబుచ్చుకోవడం.

"నీకు చెప్తే మార్తకి చెప్తావు. మార్తకి తెలిస్తే ఆ సాయంత్రమే పిల్లని వెనక్కి రమ్మంటుంది. పరీక్షయ్యేదాకా ఎవరికీ చెప్పొద్దని పిల్ల ఒట్టు పెట్టించుకుంది."

"నేను చెప్తానా?"



తర్వాత సంగతి ఇక్కడే చెప్పేస్తాను. ఆవిడ చెప్పలేదు. మార్తతో రోజుకి రెండుసార్లు ఫోన్లో మాట్లాడుతూ, నాలుక చివరిదాకా వచ్చినదాన్ని మింగుతూ, పిల్ల పరీక్ష పాసై నిజంగానే హాస్పిటల్లో చేరేదాకా గుట్టు కాపాడారు. ఆ నెలల్లో ఆవిడ కాస్త చిక్కారు కూడా. మార్త ఇప్పుడు అందర్నీ క్షమించింది, బాలశౌరి గారిని తప్ప. ఆయన ఏదో సర్దిచెప్పబోయి పీత గురించి మాట్లాడారు.

మళ్ళీ డాబా మీదికి వద్దాం. ఇంతసేపూ తనని పట్టించుకోకుండా మేం మాట్లాడుకోవడం అదేలే గారికి నచ్చలేదు. చిక్కుడు గింజ ఒకటి ఫోను మీదికి విసిరి, "కీ ఏ?" అంది. ఎవరది అని.

"మియా మోల్యే" అన్నారు బాలశౌరి గారు. నా భార్య.

ముసలావిడ కళ్ళద్దాలు సర్దుకుంది. తెరేసమ్మ గారిని చూసింది. బాలశౌరి గారిని, ఆయన మీసాన్ని చూసింది. మళ్ళీ తెరేసమ్మ గారిని చూసి, తల అడ్డంగా ఊపుతూ, ఎంతో బాధగా అంది.

"పొవెరెత్తా!"

"ఏమందీ?" అన్నారు తెరేసమ్మ గారు.

"అందంగా ఉన్నావంది" అన్నారు ఈయన. మరీ తొందరగా అన్నారు.

"నాకు వినబడిందిలెండి. పొగరెత్తా అంది. నాకు పొగరెత్తిందా? మొహం చూడగానే అనేయడమేనా? పెద్దదానివని ఊరుకుంటున్నానుగానీ..."

గొంతు తగ్గించమని ఆవిడకి చెప్పినా ప్రయోజనం లేకపోయింది. జెస్సికా సోఫాలో లేచి కూర్చుంది. జుట్టు మొహంలోంచి తోసుకుని, ఫోన్లో పెద్దమ్మని చూసి బిక్కచచ్చిపోయింది.

"పెద్దమ్మా? నువ్వా? అమ్మకి..."

"అమ్మకి చెప్పన్లే, ముందు ఇది చెప్పు. పొగరెత్తా అంటే ఏంటే?"

జెస్సికా ఒక్క క్షణం అయోమయంగా చూసి, పక్కనున్న ముసలావిణ్ణి ఏదో అడిగి, పెదాలు బిగించి నవ్వాపుకుంది.

"పొవెరెత్తా పెద్దమ్మా. పాపం, పిచ్చితల్లి అని. పెదనాన్నని చూసి, నిన్ను చూసి అంది."

బాలశౌరి గారు ట్యాంకు పైపు వైపు శ్రద్ధగా చూస్తున్నారు. తెరేసమ్మ గారు ఫోను దగ్గరికి వంగి, ఆ పళ్ళులేని మొహాన్ని తీరిగ్గా, ఆప్యాయంగా చూశారు. తర్వాత కొంగు సర్దుకుని భర్త వైపు తిరిగారు.

"లేవండి ఆ కుర్చీలోంచి. ఆవిడతో నేను మాట్లాడాలి. జెస్సీ, నువ్వు పడుకోవే."

"నీకు ఇటాలియన్ రాదు కదే!" అన్నారు బాలశౌరి గారు.

"ఆవిడకి మీ సంగతి అర్థమైందిగా" అన్నారావిడ కూర్చుంటూ. "అది చాలు."